మావయ్య చదివించిన పిల్ల

మనుషులకు మళ్ళీ నడక నేర్పే చదువు చదవాలన్న కోరిక పిట్టకు వాళ్ళ నాన్న మంచం పక్కన పుట్టింది.

నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు గోతిలోకి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు పొద్దున వచ్చి, కాగితం చూసి, తలూపి వెళ్ళిపోయేవాడు. నాన్నను నిలబెట్టింది మాత్రం ఆసుపత్రి కింది అంతస్తులో ఫిజియోథెరపీ గదిలో పనిచేసే ఒక బట్టతల మనిషి. ఆయన నాన్నను తిట్టేవాడు, బుజ్జగించేవాడు, ఒక్కోసారి పందెం కాసేవాడు. "ఆ కిటికీ దాకా నడిస్తే టీ నేనిప్పిస్తా. నడవకపోతే నువ్విప్పించాలి" అనేవాడు. నాన్న ఎన్నో టీలు ఓడిపోయి, చివరికి ఒకటి గెలిచాడు. ఆ రోజు కిటికీ చువ్వలు పట్టుకుని నాన్న ఏడుస్తుంటే, ఆ బట్టతల మనిషి ఏమీ పట్టనట్టు గ్లాసులో చక్కెర కలుపుకుంటూ నిలబడ్డాడు. పిట్ట అది చూసింది. ఇంటికొచ్చి, "నేను ఆ పని చేస్తా" అంది.

ఆమె అసలు పేరు స్కూలు రిజిస్టరుకే పరిమితం. చిన్నప్పుడు గుప్పెడంత ఉండి, నోరు మూయకుండా కిచకిచలాడేదని అందరూ పిట్ట అనేవారు.

చివరి క్లాసుకు వచ్చాక ఆ కోరికను పట్టించుకున్న మనిషి, పిల్లలంతా దారి టీచర్ అని పిలిచే ఆవిడ. స్కూలు అయిపోయాక ఏం చదవాలి, ఎక్కడ చదవాలి, ఆ డబ్బు ఎలా తేవాలి అన్నవి పిల్లలతో కూర్చుని ఆలోచించడమే ఆవిడ ఉద్యోగం. ఆవిడ గది ఒకప్పుడు ఆటసామాన్లు పెట్టే కొట్టు. ఎంత కడిగినా పాత ఫుట్‌బాళ్ళ వాసన పోలేదు. ఒక్కొక్కరిని పిలిచి కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడిగేది: ఏం చదువుతావు, ఎవరు కడతారు. రెండో ప్రశ్నకు పిల్లలు తల దించుకుంటే, "సిగ్గెందుకు? మొదటి జవాబు నిలబడేది రెండోదాని మీదే" అనేది.

పిట్టకు రెండో ప్రశ్నకు జవాబు లేదు. పడిన తర్వాత నాన్న లిఫ్టులు బాగుచేయడం మానేసి కంపెనీ స్టోరు గదిలో కూర్చుంటున్నాడు. జీతం సగానికి పడిపోయింది. అమ్మ కళ్ళద్దాల దుకాణంలో ఫ్రేములు సరిచేసే పని చేస్తుంది. ఇల్లు గడుస్తుంది, అంతే. అందుకని దారి టీచర్ వెతికి వెతికి వేరే ఊళ్ళో ఒక ట్రస్టు కాలేజీ పట్టుకుంది. ఏటా కొద్దిమందికి ఫీజు, హాస్టలు రెండూ ఉచితం. పిట్ట పరీక్ష రాసింది, ఇంటర్వ్యూకి వెళ్ళింది, సీటు తెచ్చుకుంది. ఆమె పక్క బెంచీలో కూర్చునే పొడుగమ్మాయి కూడా రాసింది. ఆ పిల్లకు వెయిటింగ్ లిస్టులో మొదటి స్థానం వచ్చింది. ఎవరైనా వద్దంటేనే సీటు.

ఆ ఆదివారం ఇంట్లో భోజనాలు పెట్టారు. అమ్మ వాళ్ళన్నయ్య, అంటే పిట్ట మావయ్య, అత్తయ్యనూ అమ్మమ్మనూ వెంటబెట్టుకుని వచ్చాడు.

మావయ్యకు టైల్స్ షాపు ఉంది. బాత్రూముల్లో, వంటిళ్ళలో వేసే రకాలన్నీ అక్కడ దొరుకుతాయి. ఆయన లోపలికొస్తే ఇల్లు నిండిపోయేది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకునేవాడు, ముసలివాళ్ళ చెవుల్లో జోకులు చెప్పేవాడు. ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆయన నోట ఒకటే మాట: "నేనున్నాగా". చుట్టాలందరికీ ఆయనంటే ప్రాణం. పిట్టకు మరీను. మూడు చక్రాల సైకిల్ దగ్గర నుంచీ, అన్నీ కొనిస్తానన్నది మావయ్యే. వాటిలో కొన్ని వచ్చాయి, చాలా రాలేదు. పిల్లలు రానివి మర్చిపోతారు.

"ఏ కాలేజీ?" అన్నాడు మావయ్య చెయ్యి కడుక్కుని వస్తూ.

పిట్ట చెప్పింది.

"అదా? ఆ ఊరికి సరుకు దింపడానికి వెళ్ళినప్పుడు చూశాను. గోడౌన్ అనుకున్నాను. కాలేజీయా అది?" అందరూ నవ్వారు. "నా మేనకోడలు ధర్మానికి చదవడమేంటి చెల్లాయ్? ఊళ్ళోనే పెద్దాసుపత్రి వాళ్ళ కాలేజీ లేదూ? దానికి అక్కడా మార్కులు సరిపోతాయిగా?"

సరిపోతాయి. ఆ కాలేజీ సంగతి పిట్టకు తెలుసు. ఒకసారి స్కూలు వాళ్ళు తీసుకెళ్ళి చూపించారు. కీళ్ళు పట్టేసినవాళ్ళను నీళ్ళలో నడిపించడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక కొలను ఉంది. గోరువెచ్చని నీలం నీళ్ళు, అంచు చుట్టూ స్టీలు కమ్మీలు. ఆ రోజు నుంచీ అది ఆమె కళ్ళలోనే ఉంది. కానీ దాని ఫీజు వినగానే, దుకాణం అద్దంలోంచి బొమ్మను చూసినట్టు చూసి వచ్చేసింది.

"ఫీజు మా వల్ల కాదు బావగారూ" అన్నాడు నాన్న నెమ్మదిగా.

"మిమ్మల్నెవరు కట్టమన్నారు? నేనున్నాగా. మొత్తం చదువు నాది. దాని పెళ్ళి సంగతి మీరు చూసుకోండి, చదువు సంగతి నేను చూసుకుంటా."

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. అత్తయ్య పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. పిట్ట లేచి మావయ్య మెడ పట్టుకుని వేలాడింది. ఆ సందడిలో అమ్మ వంటింట్లోకి వెళ్ళి, మంచినీళ్ళు తేవడానికి చాలాసేపు తీసుకుంది.

మర్నాడు దారి టీచర్ విషయమంతా విని, "మీ మావయ్యని ఒకసారి తీసుకురా" అంది. మావయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసన. ఆ ఫుట్‌బాళ్ళ గదిలో సగం విరిగిన కుర్చీలో కూడా సింహాసనం మీద కూర్చున్నట్టే కూర్చున్నాడు.

"ఎప్పుడు కడతారండీ?" అంది టీచర్.

"చేరే రోజు. కౌంటర్ దగ్గర నిలబడి, మొదటి ఏడాది ఫీజు ఒక్క దెబ్బలో."

"చిక్కల్లా ఇక్కడే. చేరే రోజు వచ్చే నెల. ట్రస్టు వాళ్ళకి మాత్రం ఈ నెలాఖరులోగా వస్తామో రామో చెప్పాలి. మీరు పెద్దాసుపత్రి కాలేజీకి ఇప్పుడే కొంత అడ్వాన్సు కడితే పిల్లకి భయముండదు."

మావయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అడ్వాన్సు కట్టడమంటే నా మాట మీద నాకే నమ్మకం లేనట్టు కదండీ."

పిట్ట పకపకా నవ్వింది. టీచర్ నవ్వలేదు. ఆ సాయంత్రం తన కళ్ళజోడు తీసుకుని అమ్మ పనిచేసే దుకాణానికి వెళ్ళింది. మరలు వదులైన మాట నిజమే, కానీ ఆవిడ వచ్చిన పని అది కాదు. అమ్మ కోసం స్కూలు నుంచి నేరుగా అక్కడికే వచ్చిన పిట్ట స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి" అంది టీచర్. "మీ అన్నయ్యగారి గురించి నాకు తెలీదు. మీకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఆయన మాట మీద నిలబడతారా? నిలబడరని మీకు ఏ కొంచెం అనిపించినా నాకు చెప్పండి. ట్రస్టు సీటు వదిలితే మళ్ళీ రాదు."

అమ్మ చిన్న స్క్రూడ్రైవరుతో మర బిగిస్తోంది. తలెత్తలేదు.

"మా అన్నయ్య మాటంటే మాటేనండీ" అంది.

ఆ మాట విన్నాక పిట్టకు ఏ సందేహమూ మిగల్లేదు. ట్రస్టు కాలేజీకి రాలేనని రాసి పంపింది. సీటు పొడుగమ్మాయికి వెళ్ళింది. ఆ పిల్ల తండ్రి వీధి చివర చెప్పులు కుడతాడు. కబురు తెలిసిన రోజు ఆయన పిట్టను ఆపి, తెగిన ఆమె చెప్పు పట్టీ కుట్టిపెట్టి, డబ్బులు తీసుకోలేదు. "నీ వల్లేనమ్మా" అన్నాడు. తనకు ఒకటి దక్కింది, స్నేహితురాలికి ఇంకొకటి దక్కింది. లోకం ఇంత బాగా కుదురుతుందా అనుకుంటూ పిట్ట ఇంటికి నడిచింది.

చేరే రోజు అమ్మా నాన్నా ఇద్దరూ సెలవు పెట్టి వచ్చారు. పెద్దాసుపత్రి కాలేజీ హాల్లో పాలరాయి నేల మెరిసిపోతోంది. కౌంటర్ ముందు తల్లిదండ్రుల వరస. పిట్ట కొత్త బట్టల్లో, సర్టిఫికెట్ల కవరు ఛాతీకి హత్తుకుని కూర్చుంది.

నాన్న ఫోన్ చేశాడు. "దారిలో ఉన్నా" అన్నాడు మావయ్య.

వరస తగ్గుతూ వచ్చింది. పిట్టే ఫోన్ చేసింది. "బ్యాంకులో రద్దీగా ఉందమ్మా కోడలా, వచ్చేస్తున్నా" అన్నాడు. వెనకాల ఎవరో రాయి కోస్తున్న చప్పుడు వినిపించింది. బ్యాంకులో రాయి కోస్తారా అన్న ఆలోచన పిట్టకు వచ్చింది. దాన్ని తనే బయటికి తోసేసింది.

మధ్యాహ్నం భోజనానికి కౌంటర్ మూసి మళ్ళీ తెరిచారు. ఆ తర్వాత మావయ్య ఫోన్ మోగింది, ఎత్తలేదు. హాలు ఖాళీ అయింది. ఊడ్చే ఆమె కుర్చీల కింద చీపురు పెడుతూ, "కాళ్ళెత్తమ్మా" అంది. కౌంటర్లో గుమాస్తా మంచివాడు. "రెండు రోజులు ఆపుతాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదండీ" అన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా షాపుకు వెళ్ళారు. మావయ్య ఎవరో కొత్త జంటకు వంటింటి టైల్స్ చూపిస్తూ, వాళ్ళను కడుపుబ్బ నవ్విస్తున్నాడు. వీళ్ళను చూడగానే, "అరె, నేనే బయల్దేరుతున్నా" అన్నాడు. పక్క గదికీ షాపుకూ మధ్య ఉన్న గోడను పగలగొట్టారు. అవతల కూలీలు గ్రానైట్ కోస్తున్నారు. దుమ్ములో కొత్త అద్దాల బీరువాలు నిలబడి ఉన్నాయి.

"పక్క షాపు కూడా తీసుకున్నారా బావగారూ?" అన్నాడు నాన్న.

"ఉన్నట్టుండి వచ్చింది బేరం. వదిలితే ఇంకెవడో తన్నుకుపోతాడు. వ్యాపారం పెరిగితే పిల్లకే కదా."

"మావయ్యా, రేపు కడతావా?" అంది పిట్ట.

"రేపు కాదు, ఈ ఏడు కొంచెం బిగువుగా ఉందమ్మా. వచ్చే ఏడు కళ్ళు మూసుకుని కట్టేస్తా. ఒక్క ఏడాదిలో ఏం మునిగిపోయింది? చిన్నపిల్లవి."

"మొత్తం చదువు నాదన్నావు."

"చూసుకుంటా అన్నాను. చూసుకోవడమంటే కట్టడమొక్కటేనా? లోనుకి మేనేజరుతో మాట్లాడతా, ఇంకో దారి చూస్తా." సొరుగులోంచి కొత్త వాచీ పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ముందిది పెట్టుకో. ఆ మొహమేంటి? నవ్వు."

ఆయన ముఖంలో ఎక్కడా సిగ్గు లేదు. పిట్టను కోసేసింది అదే. దొంగలా తప్పించుకున్నా, కోప్పడినా, తప్పయిందని ఏడ్చినా ఆమెకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఆయన ఎప్పటిలా నవ్వుతున్నాడు. ఆ నవ్వునే ఆమె ఇన్నేళ్ళూ ప్రేమ అనుకుంది. వాచీ పెట్టెను టైల్స్ మీద పెట్టేసి బయటికి వచ్చింది.

ఇంటికి చేరారు. నాన్న కుర్చీలో కూర్చుని తుంటి నొక్కుకుంటున్నాడు. అమ్మ చీర మార్చుకుని వచ్చి, స్టవ్ వెలిగించబోతూ, తనలో తాను అనుకున్నట్టుగా, "ఆయన అంతే" అంది.

పిట్ట తలెత్తింది. "అంటే?"

"ఏం లేదు. అన్నయ్య అంతే. మాటలు కోటలు దాటతాయి."

"అంతే అని నీకెప్పుడు తెలుసు?"

అమ్మ స్టవ్ వైపు వంగింది. అగ్గిపుల్ల ఆరిపోయింది.

"అమ్మా, నిన్నే. ఇవాళ తెలిసిందా, ముందే తెలుసా?"

అమ్మ స్టవ్ వదిలేసి నేల మీద కూర్చుంది. చెప్పడానికి ఆమెకు పెద్ద సమయం పట్టలేదు. ఇన్నేళ్ళూ నోటి చివర పెట్టుకున్నట్టే ఉంది. స్కూలు చదువు అయ్యాక ఆమెకు టీచర్ ట్రైనింగులో సీటు వచ్చింది. అప్పుడే తండ్రి పోయి, షాపు అన్నయ్య చేతికొచ్చింది. నేనున్నాగా, వెళ్ళు అన్నాడు. ఆమె రేకుపెట్టె సర్దుకుని బస్సెక్కి వెళ్ళింది. ఫీజు తీసుకుని వెనకే వస్తానన్న అన్నయ్య రాలేదు. కాలేజీ మెట్ల మీద పెట్టె పక్కన కూర్చుంది. వాచ్‌మన్ గేటు మూస్తూ లేపితే, తిరిగి బస్సెక్కి ఇంటికొచ్చింది. ఎందుకు రాలేదని అన్నయ్యను అడగలేదు. ఆ ఏడే పెళ్ళి చేశారు.

"నాకు చదువంటే ఇష్టం లేదనే కదా నువ్వు చెప్పింది" అన్నాడు నాన్న. ఆయనకూ ఇదే వినడం.

"పుట్టింటి మాట బయట పెట్టడం ఎందుకని."

"సరే, నాకు చెప్పలేదు. దీనికెందుకు చెప్పలేదు?" అన్నాడు నాన్న.

"ఆ రోజు మా అమ్మ ముందు, వదిన ముందు అన్నాడు. నేను కాదంటే అన్నయ్య తల ఎక్కడ పెట్టుకుంటాడు? నాకున్నది ఒక్క అన్నయ్య. ఆ గడప కూడా లేకపోతే..." అమ్మ ఆగింది. "ఈసారి ఇస్తాడనుకున్నా. నాకు ఎగ్గొట్టింది దీనికి తీరుస్తాడనుకున్నా. నిజంగానే అనుకున్నా."

"దారి టీచర్ నిన్ను అడిగింది" అంది పిట్ట. ఆమె గొంతు పెరగలేదు. "దుకాణానికొచ్చి అడిగింది. కొంచెం అనిపించినా చెప్పమంది. నేను పక్కనే ఉన్నా. మావయ్య మాట నమ్మి నేను సీటు వదల్లేదమ్మా. నీ మాట నమ్మి వదిలా."

అమ్మ నోట్లో కొంగు పెట్టుకుంది.

"నువ్వు ఆ మెట్ల మీద కూర్చున్నావు. నన్ను తీసుకెళ్ళి అలాగే కూర్చోబెట్టావు."

ఆ రాత్రి స్టవ్ ఎవరూ వెలిగించలేదు. నాన్న జీవితంలో మొదటిసారి వేరే గదిలో పడుకున్నాడు. మావయ్య మీద వచ్చిన కోపానికి ఒక ఆకారం ఉంది. తిట్టొచ్చు, ఆయన షాపు ముందు నుంచి ముఖం తిప్పుకుని వెళ్ళొచ్చు. అమ్మ మీద వచ్చినదాన్ని ఏం చెయ్యాలో పిట్టకు తెలియలేదు. పొద్దున లేస్తే జడ వెయ్యడానికి దువ్వెన పట్టుకుని నిలబడేది అదే అమ్మ. పిట్ట ఆ రోజు నుంచి జడ తనే వేసుకుంది.

దారి టీచర్ దగ్గరికి వెళ్ళడానికి ముఖం చెల్లక కొన్నాళ్ళు ఆగింది. చివరికి ఆవిడే ఇంటికొచ్చింది. జరిగిందంతా విని, ఎవరినీ ఒక్క మాట అనకుండా, గుమ్మంలో నిలబడ్డ అమ్మ వైపు మాత్రం ఒకసారి చూసింది. ఆ చూపుకు అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

"ట్రస్టు వాళ్ళకి ఫోన్ చేశా. ఖాళీ లేదు. వదులుకున్నవాళ్ళని వచ్చే ఏడు కూడా తీసుకోరు" అంది టీచర్. "మనకి మిగిలినవి చెప్తాను. తీపి కలపను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ సహాయకుల కోర్సుంది. ఫీజు లేదు, చేతికి కొద్దిగా ఇస్తారు. చేసేది అదే పని, కానీ కింది మెట్టు. కొన్నేళ్ళు పని చేశాక డిగ్రీకి వెళ్ళొచ్చు. నీ తోటివాళ్ళు అప్పటికి చాలా ముందుంటారు. అది నువ్వు మింగగలవా?"

"మింగకపోతే ఇంకేముంది టీచర్?"

"ఇంట్లో కూర్చుని ఏడవడం. అది కూడా కొందరు ఎంచుకుంటారు."

పిట్ట కోర్సులో చేరింది. నీలం కొలను లేదు. పెచ్చులూడిన గోడలు, తుప్పు కమ్మీలు, మందుల వాసన కొట్టే దుప్పట్లు. అయినా మనుషుల కాళ్ళు అవే కాళ్ళు. పక్షవాతం వచ్చిన ఒక లారీ డ్రైవరు ఆమె భుజం పట్టుకుని మొదటి అడుగు వేసినప్పుడు ఆమెకు నాన్న గుర్తొచ్చాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ సంగతి నాన్నకు చెప్పింది. పక్కనే బియ్యం ఏరుతూ అమ్మ వింది. ఇదివరకైతే పిట్ట ముందుగా అమ్మకు చెప్పేది.

మరుసటి ఏడు అమ్మమ్మ పుట్టినరోజును మావయ్య ఒక హాలు తీసుకుని ఘనంగా చేశాడు. నాన్న రానన్నాడు. పిట్ట అమ్మమ్మ కోసం వెళ్ళింది. చుట్టాలంతా వచ్చారు. ఎప్పటిలాగే మావయ్య చుట్టూ గుంపు. ఎవరో పెద్దాయన పిట్టను చూసి, "ఏం చేస్తున్నావమ్మా?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోగా మావయ్య వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"ఆసుపత్రి లైన్లో చదివిస్తున్నా బాబాయ్. ఆడపిల్ల తన కాళ్ళ మీద నిలబడాలని నా పట్టుదల."

"మేనమామంటే నువ్వేనయ్యా" అన్నాడు పెద్దాయన. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఎవరో పిట్ట వీపు తట్టి, "మావయ్య రుణం తీర్చుకోవాలమ్మా" అన్నారు. భుజం మీద ఆ చెయ్యి వెచ్చగా, బరువుగా, చిన్నప్పటిలాగే ఉంది.

"నువ్వేం చదివించట్లేదన్నయ్యా."

అన్నది అమ్మ. అమ్మమ్మ కుర్చీ వెనక నిలబడి ఉంది.

"దాని సీటు నీ మాట వల్ల పోయింది. అది చదువుకునేది ప్రభుత్వం డబ్బుతో. దానికీ నువ్వు కట్టలేదు, అప్పుడు నాకూ కట్టలేదు."

మావయ్య ముఖంలో ఏదో మెదిలి, అంతలోనే సర్దుకుంది. "చూశారా బాబాయ్, మా చెల్లాయికి పట్టుచీర పెట్టలేదని అలక" అన్నాడు. ఎవరో నవ్వారు, దాంతో ఊపిరి పీల్చుకుని అందరూ నవ్వారు. "పెద్దవాణ్ణి పట్టుకుని నలుగురిలో అలా అనొచ్చా" అని ఒకావిడ అమ్మను మందలించింది. అమ్మమ్మ కూతురి ముఖం చూడకుండా కొడుకు చెయ్యి పట్టుకుంది. అత్తయ్య ఒక్కతే నవ్వలేదు. ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ దూరంగా వెళ్ళిపోయింది.

"అమ్మ చెప్పింది నిజం" అంది పిట్ట. పెద్దాయన అప్పటికే భోజనాల వైపు నడుస్తున్నాడు.

ఇద్దరూ భోజనం చెయ్యకుండా బయటికొచ్చారు. బస్టాపు దాకా అమ్మ ముందు నడిచింది. అక్కడ బెంచీ మీద కూర్చున్నాక, "చెప్పేశాను" అంది. ఏదో పెద్ద బరువు దించి, చూసేవాళ్ళ కోసం వెతుక్కునే మనిషిలా ఉంది.

పిట్ట మెత్తగానే అందామనుకుంది. "దుకాణంలో చెప్పుంటే సరిపోయేదమ్మా. అప్పుడు వినేవాళ్ళు ఉన్నారు."

"అవును" అంది అమ్మ. కాసేపటికి మళ్ళీ, "అవును" అంది.

అమ్మకు పుట్టిల్లు ఆ రోజుతో అయిపోయింది. ఎవరూ పిలవలేదు, ఆమే వెళ్ళలేదు. చుట్టాల్లో మాత్రం మావయ్య మేనకోడలిని చదివించాడన్న మాట అలాగే నిలిచిపోయింది. ఇప్పటికీ కొందరు పెళ్ళిళ్ళలో పిట్టను చూసి ఆయన గొప్పతనం గురించి చెబుతారు. మొదట్లో ఆమె సరిదిద్దేది. తర్వాత తర్వాత ఊరుకుంది. విన్నవాళ్ళ ముఖాల్లో తనే కృతజ్ఞత లేని పిల్లగా కనబడడం తప్ప ఒరిగింది లేదు.

పొడుగమ్మాయి చదువు పూర్తి చేసి, కోర్సయ్యాక పిట్ట సహాయకురాలిగా పనిచేస్తున్న ప్రభుత్వ ఆసుపత్రికే ఫిజియోథెరపిస్టుగా వచ్చింది. అంటే పిట్టకు పైఅధికారి. మొదటి రోజు ఆ పిల్ల గది బయటే తచ్చాడింది. "నీ కుర్చీలో కూర్చుంటున్నట్టుందే నాకు" అంది.

"కుర్చీ నీదే. కష్టపడి చదివావు" అంది పిట్ట. "నాకు పని చెప్పడానికి మొహమాటపడితే రోగులు పడిపోతారు. చెప్పు."

పొడుగమ్మాయి చెప్పడం నేర్చుకుంది. పిట్ట వినడం నేర్చుకుంది. అది ఏ రోజూ తేలిగ్గా లేదు. కానీ ఆ స్నేహంలో మాత్రం ఎవరూ ఎవరికీ ఏదీ దాచలేదు. డిగ్రీకి వెళ్ళే అర్హత వచ్చాక పిట్టతో కూర్చుని ఏ కాలేజీ, ఏ లోను, జీతంలోంచి ఎంత అని ఆలోచించింది పొడుగమ్మాయీ, దారి టీచరూ. ఫుట్‌బాళ్ళ గది ఇప్పుడు ఇంకో టీచర్‌ది. వాళ్ళు ఆవిడ ఇంటి వరండాలో కూర్చున్నారు.

డిగ్రీలో చేరే రోజు పొద్దున అమ్మ దుకాణానికి సెలవు పెట్టింది. తల దువ్వుకుని, చేతిసంచీ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"నేనూ రానా?"

పిట్ట చెప్పులు వేసుకుంటోంది. రమ్మనాలనే అనిపించింది. అమ్మ ముఖం చూస్తే జాలి కలిగింది, ఆ హాల్లో ఒంటరిగా నిలబడి మాట్లాడిన గొంతు గుర్తొచ్చింది. కానీ ఇంకో ఫీజు కౌంటర్ ముందు, అలాంటి కుర్చీల్లో, అమ్మ పక్కన మళ్ళీ కూర్చోవడం తన వల్ల కాదనిపించింది.

"వద్దమ్మా. నాన్నా నేనూ వెళ్ళొస్తాం."

అమ్మ తలూపి చేతిసంచీ మేకుకు తగిలించింది. "తిని వెళ్ళండి" అంది. ఇద్దరూ తిన్నారు. బస్సులో నాన్న కొంతదూరం వెళ్ళాక, "తీసుకొచ్చుంటే సంతోషించేది" అన్నాడు.

"తెలుసు నాన్నా" అంది పిట్ట.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. "చేరిపోయావా?" అంది.

"చేరిపోయా."

"క్లాసులు ఎప్పట్నుంచి?"

పిట్ట చెప్పింది. ఇంకా ఏదైనా చెబుతుందేమోనని అమ్మ కాసేపు అక్కడే నిలబడింది. చెప్పడానికి చాలానే ఉంది. కొత్త కాలేజీ, అందులో తనకంటే చిన్నవాళ్ళు, వాళ్ళు అక్కా అని పిలవడం. పిట్ట కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళి, నాన్న కోసం వేణ్ణీళ్ళు పెట్టింది.